దుప్పటి కింద నవ్వు

పోయిన వారం కూతుర్ని ఒక నీలం తలుపు ముందు నిలబెట్టి వచ్చాం. భుజానికి సంచీ, సంచీలో ల్యాప్‌టాప్, అందులో పందొమ్మిదేళ్ల కిందటి టేపు నుంచి ఎక్కించుకున్న పదకొండు నిమిషాల దృశ్యం. టీవీ ఛానల్ స్టోర్‌రూమ్‌లో బూజు పట్టిన పెట్టెలన్నీ తిరగేసి ఆ టేపు పట్టుకోవడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఆమె తండ్రి తెర మీద చనిపోయే వేషాలు వేసి పేరు తెచ్చుకున్న నటుడు. నలభై రెండేళ్లలో కెమెరా ముందు నూట తొంభై మూడు సార్లు పోయాడు. అందుకే ఆయన్ని అందరూ చావుల మాస్టారనేవారు. గుండెపోటుకు ఎడమ భుజం ముందు పడాలి, విషానికి గొంతు, తూటాకు మోకాళ్లు అని ఆయనకు లెక్కలుండేవి. ఒకసారి హీరో ఆయన శవం పక్కన నిలబడి ఆరు నిమిషాలు ప్రతిజ్ఞలు చేస్తుంటే, చీమ ఒకటి కనురెప్ప మీంచి ముక్కు కొస దాకా నడిచి వెళ్లింది. ఆయన ఉలకలేదు, పలకలేదు. చీమ దిగిపోయాక కూడా హీరో గారి ప్రతిజ్ఞలు అవలేదు.

పోయిన ఏడాది ఆయన నిజంగానే పోయాడు. కూతురు ఛానల్లో ఎడిటరు కాబట్టి, ఆయన మీద గంట కార్యక్రమం చేసే పని ఆమెకే అప్పగించారు. ప్రసారం ఆదివారం. ఇవాళ మంగళవారం.

ఆ గంటలో పూడని గుంట ఒకటి మిగిలింది. దాని పేరు కన్నీళ్లమ్మ. తెర మీద చావుల మాస్టారు పోతే చాలాసార్లు మీద పడి ఏడ్చిన నటి ఆమె. చెల్లెలుగా ఏడ్చింది, పెళ్లాంగా ఏడ్చింది, తల నెరిశాక తల్లిగా కూడా ఏడ్చింది. పందొమ్మిదేళ్ల కిందట ఒక సీరియల్ ఆఖరి రోజు షూటింగులో ఏడుపు మధ్యలో లేచి, మొహం మీది రంగైనా కడుక్కోకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత నటించనూ లేదు, మాస్టారితో మాట్లాడనూ లేదు. కారణం ఎవరికీ తెలియదు. అమ్మనడిగితే "నాకేం తెలుసే" అంటూ కూరగాయలు తరగడంలో పడిపోయేది. టేపు చూశాక కూతురికి ఒక్క సంగతి తెలిసింది. ఆ రోజు దుప్పటి కింద శవం నవ్వింది.

ఇక నీలం తలుపు దగ్గరికి వద్దాం.

కూతురు రెండోసారి బెల్లు కొట్టింది.

"ఎవరూ?" అంది లోపల్నుంచి ఒక గొంతు. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినబడేలా మలచుకున్న గొంతు అది.

"నేను అత్తయ్యా. మాస్టారి కూతుర్ని."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి, "మీ నాన్న తరఫున వచ్చావా, నీ తరఫున వచ్చావా?"

"ఛానల్ తరఫున."

"అయితే ఛానల్‌నే రమ్మను."

బతిమాలితే లాభం లేదని కూతురికి అర్థమైంది. చిన్నప్పుడు షూటింగులకు వెళ్లినప్పుడు ఈ అత్తయ్య ఒళ్లో కూర్చుని బిస్కెట్లు తిన్నది. ఆమె మొండితనం ఎంతో ఆ వయసులోనే చూసింది. అందుకని గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అంది.

"సరే అత్తయ్యా, వెళ్తాను. ఆదివారం మీ గురించి చదివే నాలుగు ముక్కలు వినిపించి పోతాను. తర్వాత తప్పులున్నాయంటే మాత్రం నన్ననకండి." సంచీలోంచి ఖాళీ కాగితం ఒకటి తీసి, దాన్ని చూస్తూ మొదలెట్టింది. "చావుల మాస్టారితో ఈమె నలభై సార్లు నటించారు."

"అరవై ఒకటి," అంది తలుపు.

"గ్లిజరిన్ వాడకంలో ఈమెకు సాటి వచ్చేవారు లేరు."

"గ్లిజరినా? నా జన్మలో ఆ సీసా మూత తియ్యలేదు." గొంతు తలుపుకు దగ్గరైంది.

"ప్రస్తుతం డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో విశ్రాంతి తీసుకుంటున్న..."

గడియ తీసిన చప్పుడైంది.

"అరవై ఎనిమిది," అంది కన్నీళ్లమ్మ గుమ్మంలో నిలబడి. సన్నగా, నిటారుగా ఉంది. చేతిలో గరిటె ఉంది. "పదేళ్లు పెంచి చదువుతావా? ఇలా ఇవ్వు ఆ కాగితం."

కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు వైపులా తెల్లగానే ఉంది. కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసింది. పెదవి చివర ఏదో కదలబోయి ఆగింది.

"మీ నాన్న బుద్ధులన్నీ వచ్చాయి. రా లోపలికి. చెప్పులు అక్కడ."

ముందుగది చిన్నదే అయినా వెలుతురు ధారాళంగా ఉంది. కిటికీ పక్కన రాత బల్ల, దాని మీద మూత పెట్టిన కలాలు, గోడ మీద కళ్లజోడు నుదుటికెక్కించుకుని నవ్వుతున్న ఒక పెద్దమనిషి ఫొటో. ఆయన రైటరు. మాస్టారూ కన్నీళ్లమ్మా కలిసి చేసిన సన్నివేశాల్లో సగానికి పైగా మాటలు రాసినవాడు ఆయనే. కన్నీళ్లమ్మ నటన మానేసిన నెలకే ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేసి పెళ్లి చేసుకున్నారు. పదహారేళ్లు కాపురం చేసి, మూడేళ్ల కిందట ఆయన పోయాడు.

టీ తెచ్చి బల్ల మీద పెట్టి, కన్నీళ్లమ్మ ఎదురు కుర్చీలో కూర్చుంది. మొదట అడగాల్సింది అడగకుండా టీ చల్లారేదాకా కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత అడిగింది.

"ఎలా పోయాడు?"

"మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో వాలారు. అమ్మ కాఫీ తెచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. అమ్మ నమ్మలేదు అత్తయ్యా. ప్రాక్టీసనుకుంది. 'ఇక చాలు, కాఫీ చల్లారుతోంది, లేవండి' అంటూ పావుగంట అలాగే ఎదురుగా కూర్చుంది."

"భుజం?"

"ఆఁ?"

"ఎడమ భుజం ముందుకు పడిందా?"

కూతురు గుర్తు చేసుకుంది. "లేదు. మామూలుగా, నిద్రపోయినట్టే ఉన్నారు."

"అంతే మరి," అంది కన్నీళ్లమ్మ. "అసలుది వచ్చేసరికి నటించడం మర్చిపోయాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. తెర మీద అరవై ఒక్కసార్లు గుండెలు బాదుకున్న మనిషికి ఈసారి వచ్చింది ఒక్క చుక్క. అది కూడా టీ కప్పులో పడింది.

కూతురు ఆ ఒక్క చుక్కను గౌరవించి కప్పు పక్కకు జరిపింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఇదేంటి?"

"ఆ రోజుది అత్తయ్యా. మీరు లేచి వెళ్లిపోయినది."

కన్నీళ్లమ్మ సగం లేచింది. "ముయ్యి దాన్ని."

"ఒక్కసారి చూస్తే..."

"చూసేదేముంది, నేనక్కడే ఉన్నాను. ముయ్యమన్నానా?"

"అయితే ఏం జరిగిందో మీరే చెప్పండి. నేను చూపించను."

అది న్యాయంగానే తోచినట్టుంది. కన్నీళ్లమ్మ కూర్చుంది. మొదట కోపంగానే మొదలెట్టింది గానీ, నాలుగు మాటలయ్యేసరికి గొంతులో పాత హుషారు వచ్చింది.

"మీ నాన్నకీ నాకూ ఒక పందెం ఉండేది. మొదటి సినిమా నుంచీ. నేను మీద పడి ఏడుస్తాను కదా, ఆ ఏడుపు మధ్యలో ఆయన చెవిలో ఏదో ఒకటి చెప్పాలి. ఆయన నవ్వకూడదు. నవ్వాడా, నేను గెలిచినట్టు. పైకి 'అన్నయ్యా, నన్నొదిలి వెళ్లిపోయావా' అంటాను. చెవిలో 'నీ ఎడం మీసం ఊడొస్తోంది, పట్టుకోనా' అంటాను. పైకి 'ఇక నాకు దిక్కెవరు' అంటాను. చెవిలో 'అన్నయ్యా, మేజోడు చిరుగులోంచి నీ బొటనవేలు కెమెరాను చూస్తోంది' అంటాను. ఒకసారి నిర్మాత కుర్చీలో గురక పెడుతుంటే, ఆ గురకకు సరిపడా తాళం వేస్తూ ఏడ్చాను. లైట్లు పట్టుకున్నవాళ్లు బయటికి పరిగెత్తి నవ్వుకొచ్చారు. మీ నాన్న మాత్రం చెక్కతో చేసినట్టు పడి ఉన్నాడు. అరవై సార్లు ఓడిపోయాను పిల్లా. అరవై సార్లు."

"అరవై ఒకటోసారి?"

కన్నీళ్లమ్మ ఫొటో వైపు చూసింది.

"ముందు రోజు సాయంత్రం ఈయన నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగారు. నాకు నలభై తొమ్మిది, ఈయనకు యాభై ఆరు. రాత్రంతా ఆలోచించాను. జనం నవ్వుతారేమోనని భయం. ఆ వయసులో నాకు సలహా అడగడానికి తల్లీ లేదు, తోడబుట్టినవాళ్లూ లేరు. తెర మీద ఎన్నిసార్లు అన్నయ్యా అన్నానో, ఆ మనిషినే నిజంగా అన్నయ్యనుకున్నాను. పొద్దున ఆయన మేకప్‌లో ఉన్నాడు, తర్వాత షాట్‌లో చచ్చి పడుకున్నాడు. ఆగలేకపోయాను. ఏడుపు మధ్యలో చెవిలో చెప్పేశాను. 'అన్నయ్యా, రైటరు గారు నన్ను పెళ్లి చేసుకుంటానన్నారు' అని."

"నాన్న నవ్వారు."

"నవ్వాడు. చీమలు పాకినా కదలనివాడు, నిర్మాత గురక పెట్టినా నవ్వనివాడు, నా పెళ్లి మాట వినగానే పొట్ట ఎగిరిపడేలా నవ్వాడు. మొదటి నవ్వు నీదే అన్నయ్యా, ఇక ఊరంతా మొదలెడుతుంది అనుకున్నాను. దుప్పటి మొహం మీదికి లాగేసి వెళ్లిపోయాను."

"మరి నటన ఎందుకు మానేశారు?"

"శవం మీద పడి ఏడవాలంటే శవం మీద నమ్మకం ఉండాలి."

"నాన్న మళ్లీ రాలేదా?"

"మూడుసార్లు వచ్చాడు. నువ్వు నిలబడ్డచోటే నిలబడ్డాడు. మూడోసారి 'చెల్లీ, ఒక్క మాట' అన్నాడు. రేడియో పెద్దది చేశాను."

"మావయ్య ఏమీ అనేవారు కాదా?"

"మీ నాన్న పేరెత్తితే ఆ పూట పొయ్యి వెలిగించనని చెప్పాను. ఆయనకు ఆకలి ఎక్కువ."

కూతురికి నవ్వొచ్చింది. ఆపుకుని, ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పింది. "అత్తయ్యా, ఇప్పుడు నేనొకటి చెప్పనా? ఆ సీన్లో చనిపోయే ముందు నాన్నకు రెండు మాటలున్నాయి. అందుకని ఆయన చొక్కా లోపల కూడా మైకు పెట్టారు. పోయాక దాన్ని తియ్యడం మర్చిపోయారు. ప్రసారంలో మీ మైకే వాడారు గానీ టేపులో ఆయనది వేరుగా, అలాగే ఉంది. మీరు దుప్పటి కప్పేసి వెళ్లాక కూడా కెమెరా ఆగలేదు. దుప్పటి కింద నాన్న మాట్లాడారు. అది మీరు వినలేదు. ఆ రోజు ఎవరూ వినలేదు. మీ గుసగుస ఏడుపులో కలిసిపోయింది గానీ ఆయన మాటలు మొన్న నేను విన్నాను, నాకు అర్థం కాలేదు. మీకు అవుతుందేమోనని వచ్చాను."

ఇయర్‌ఫోన్లు చేతిలో పెట్టింది. కన్నీళ్లమ్మ వాటిని తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, చాలాసేపటికి చెవుల్లో పెట్టుకుంది.

తెర మీద నలభై తొమ్మిదేళ్ల కన్నీళ్లమ్మ ఏడుస్తోంది. వంగింది. చెవి దగ్గర పెదవులు కదిలాయి. ఒక అరచెయ్యి తన గుండెల మీదికీ, ఒకటి ఆయన గుండెల మీదికీ వెళ్లింది, పెదవులు మళ్లీ కదిలాయి. ఒక క్షణం. శవం పొట్ట ఒక్కసారి ఎగిరింది, మళ్లీ ఎగిరింది, నోరు తెరుచుకుంది. ఆమె లేచింది, దుప్పటి లాగింది, తెర మీంచి వెళ్లిపోయింది. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. దుప్పటి ఒక్కటే మిగిలింది. అది ఇంకా కదులుతోంది.

దాని కింద నుంచి, నవ్వుకు అడ్డుపడుతూ, చావుల మాస్టారి గొంతు. "చెప్పేశాడా? మొత్తానికి నోరు తెరిచాడా సన్నాసి? పదకొండేళ్లు పట్టింది." కాసేపు నవ్వు. "ఇంతకీ నేను రాసిచ్చిన మాటే చెప్పాడా చెల్లీ, సొంత కవిత్వం ఏమైనా కలిపాడా? చెల్లీ? ఎక్కడికెళ్లావు?"

కన్నీళ్లమ్మ వెనక్కి జరిపి మళ్లీ విన్నది. మూడోసారి కూడా విన్నది. అప్పుడు ఇయర్‌ఫోన్లు తీసి, ఒళ్లో పెట్టుకుని, గోడ మీది ఫొటోకేసి నిదానంగా చూసింది.

"అంటే," అంది, "ఆ మాట కూడా మీ నాన్నదేనా?"

"ఏ మాట అత్తయ్యా?"

"ఈయన నన్ను అడిగిన మాట. 'ఇన్నాళ్లూ మీకు మాటలు రాశాను. ఇక మీద మీరేమంటే అది వింటూ కూర్చుంటాను' అన్నారు. నేను పడిపోయింది ఆ మాటకే. నా మొగుడు జన్మలో రాసినవాటిలో అదే గొప్పదని ఎంతమందికి చెప్పుకున్నానో. చెప్పినప్పుడల్లా తల వంచుకునేవారు. వినయమనుకున్నాను." ఫొటో వైపు వేలు చూపించింది. "దొంగ. మూడొందల కథలకు మాటలు రాసి, తన పెళ్లికి ఒక్క వాక్యం రాసుకోలేక శవాల వేషాలు వేసేవాడి దగ్గర అరువు తెచ్చుకున్నారా? అందుకేనా నోరెత్తలేదు? మాస్టారు సంతోషంతో నవ్వాడని నాకు చెప్పాలంటే, డైలాగు తనది కాదని చెప్పుకోవాలి కదా. పదహారేళ్లు పేలిపోకుండా ఎలా దాచారు పొట్టలో?"

అలా అంటూనే నవ్వడం మొదలెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత మనిషంతా కదిలింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. కూతురు భయపడి మంచినీళ్లు అందించింది. కన్నీళ్లమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"ఉండనీ. ఇది మంచి ఏడుపు." చీర కొంగుతో మొహమంతా తుడుచుకుంది. "పోనీలే. రాసింది ఎవరైతేనేం, చెప్పినాయన నిలబెట్టుకున్నారు. పదహారేళ్లు నేనేమంటే అది వింటూనే కూర్చున్నారు. నాకు అన్యాయం జరగలేదు." ఆగింది. "అన్నయ్యకే నేను అన్యాయం చేశాను. రేడియో కట్టేసి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది."

కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయ్యాక కన్నీళ్లమ్మ గబుక్కున లేచి రాత బల్ల దగ్గరికి వెళ్లింది. కింది సొరుగు లాగి దారంతో కట్టిన కాగితాల కట్ట తీసింది.

"ఈయన ఆఖరున రాసింది. చదవడానికి నాకు మనసొప్పలేదు. మీ ప్రోగ్రాముకు పనికొస్తుందేమో చూడు."

కూతురు దారం విప్పింది. పైన 'ఇరవై పేజీలు' అని రాసి ఉన్న చిన్న నాటిక. ఇద్దరే మనుషులు. ఈసారి పోయింది చెల్లెలు, మీద పడి ఏడవాల్సింది అన్న. అన్నకు ఏడుపు రాదు. ఏడవబోయి జోకులు చెప్పడం మొదలెడతాడు, శవాన్ని నవ్వించాలని చూస్తాడు. రైటరు గుండ్రటి అక్షరాలు నీలం సిరాలో ఉన్నాయి. వాటి పక్కన, పైన, అడ్డంగా, ఎర్ర సిరాలో ఇంకెవరివో కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఒకచోట 'ఇక్కడ చెల్లి తప్పకుండా నవ్వుతుంది, జాగ్రత్త' అని ఒక హెచ్చరిక.

"అత్తయ్యా, ఈ ఎర్ర సిరా నాన్నది."

కన్నీళ్లమ్మ కళ్లజోడు తెచ్చుకుని చూసింది. తేదీలున్నాయి. నాలుగేళ్ల కిందటివి.

"రోజూ సాయంత్రం వాకింగని రెండు గంటలు వెళ్లేవారు," అంది నింపాదిగా. "అంత నడిచినా పొట్టెందుకు తగ్గలేదో ఇప్పుడర్థమైంది."

కూతురు పేజీలు తిప్పుకుంటూ పోయింది. పందొమ్మిదో పేజీలో అన్న చెల్లెలి చెవి దగ్గర వంగాడు. అక్కడితో ఆగిపోయింది. ఇరవయ్యో పేజీ లేదు. చెల్లెలు నవ్విందో లేదో లేదు.

సరిగ్గా అప్పుడే కూతురి ఫోను మోగింది. అమ్మ.

"అక్కడే ఉన్నావా? కాగితాల కట్ట తీసిందా? చివరి పేజీ కోసం వెతకొద్దని చెప్పు. అది నా దగ్గరుంది."

"నీ దగ్గరా? నీకేం తెలియదన్నావు కదమ్మా."

"కూరగాయలు తరిగేటప్పుడు ఏమీ తెలియదు. ఇప్పుడు తరగట్లేదు. ఫోను మీ అత్తయ్యకివ్వు."

కన్నీళ్లమ్మ ఫోను అందుకుని "వదినా" అంది. పందొమ్మిదేళ్ల తర్వాత ఆ పిలుపు కొంచెం బొంగురుగా వచ్చింది. అటువైపు నుంచి ఏం వచ్చిందో గానీ ముందు నవ్వింది, తర్వాత "ఊఁ" అంది, "ఊఁ ఊఁ" అంది, "ఎల్లుండేనా" అంది. అంటుండగానే నవ్వు కొద్దికొద్దిగా మొహం మీంచి దిగిపోయింది. ఫోను తిరిగి ఇచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏమంది అత్తయ్యా?"

"ఎల్లుండి స్టూడియోలో ఈ నాటిక చెయ్యాలట. నేను చెల్లెలి వేషం వేసి దుప్పటి కింద పడుకోవాలట. మీ నాన్న వెయ్యాల్సిన వేషం మీ అమ్మ వేస్తుందట."

"అమ్మా? అమ్మ ఎప్పుడైనా కెమెరా ముందుకొచ్చిందా?"

"చివరి పేజీ తెచ్చివ్వాలంటే అదీ షరతు. నా చెవి దగ్గర వంగి ఒక్క మాట అడుగుతుందట. అప్పుడైతే నేను లేచి పారిపోవడానికి వీల్లేదు కదా అంది. నవ్వుతూనే అంది."

"ఏమడుగుతుంది?"

కన్నీళ్లమ్మ తెర వైపు చూసింది. తను లేచి వెళ్లిపోయిన షాట్ అక్కడ ఇంకా నిలిచిపోయి ఉంది.

"ఆ రోజు మీ నాన్న చెవిలో నేను చెప్పింది ఒక్క మాట కాదు పిల్లా. రెండు. రెండోది నీ టేపులో దొరకదు. అది చెప్పేటప్పుడు నా మైకునీ, ఆయన గుండెల మీది మైకునీ రెండు అరచేతులతో మూసేశాను." ల్యాప్‌టాప్ మూత దించింది. "అది మీ అమ్మ గురించి."